ఆటలో చేయి విరిగినప్పుడు

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ వేదికమీద నిలిచి పరీక్షా ఫలితములను, చందాల లెక్కలను చదువుట నాకు అలవాటు. ఈయేడు అవన్నియు నివేదికలో అచ్చయినవి గనుక మరల చదివి మీ కాలము హరింపను. మీలో కొందరు సంతకములు చేసి నాకందజేసిన విన్నపమును గురించియే నేడు మాటాడదలచితిని. ఆవరణలోని కానుగ చెట్టును కొట్టివేయవలెననియు, సాయంకాలపు ఆటల గంటను తీసివేసి ఆ వేళ లెక్కలు చెప్పింపవలెననియు అందు కోరియున్నారు. కారణము మీకందరకు తెలిసినదే. నిరుడు నాలుగవ తరగతి పిల్లవాడొకడు కోతికొమ్మచ్చి ఆడుచు ఆ చెట్టు కొమ్మనుండి జారి, మోచేతికి పైభాగమున ఎముక విరుగగొట్టుకొనినాడు. ఆ పిల్లవాని తల్లిదండ్రులు మాత్రము ఆ విన్నపమున సంతకము చేయలేదు. ఏల చేయలేదో చెప్పుటకు ఆ తల్లియే నాకు అనుమతి ఇచ్చినది. పేర్లు చెప్పను.

మరియొక మాట. ఇట్టి సంగతులు పత్రికలో అచ్చువేసినచో పిల్లలు చేరుట ఇంకను తగ్గిపోవునని హితము కోరిన మిత్రులొకరు హెచ్చరించిరి. తెలుగు చదువునకు పిల్లలు కరవైన ఈ రోజులలో ఒక్క పేరు పోయినను మనకు లోటే. అయినను దాచిపెట్టుటవలన ఒక్క బిడ్డ చేయి అయినను నిలువదు. కావున ఈ ప్రసంగము మాటకు మాట మన వార్షిక సంచికలో వచ్చును.

పిల్లవాడు పడిన కొమ్మ చాల ఎత్తయినది కాదు, పెద్దమనిషి భుజమెత్తు. క్రిందపడునప్పుడు ఏ బిడ్డయైనను ముందు అరచేయి నేలకు ఆనించును. ఆ దెబ్బ అరచేతినుండి పైకి పాకి, మణికట్టువద్దనో ముంజేతివద్దనో మోచేతికి పైననో ఎముకను విరుచును. అయిదారేండ్ల వయస్సునుండి ఎనిమిది తొమ్మిదేండ్ల లోపు బిడ్డలకు మోచేతి పైభాగమున ఎముక పలుచగా ఉండుటచేత అచ్చటనే తరచుగా విరుగును. మా ఉపాధ్యాయుడు చేయిని లాగి సరిచేయ ప్రయత్నింపలేదు. చేయి ఉన్న వంపుననే ఉంచి, రెండు అట్టలను అటునిటు పెట్టి, తన కండువాతో మెడకు వ్రేలాడగట్టి ఇంటివారికి కబురంపినాడు. పట్నమునందలి ఆసుపత్రికి పోవలెనని కూడ చెప్పినాడు. ఇంటివారు పిల్లవానిని ప్రక్క ఊరిలో పుత్తూరు కట్టు అని బోర్డు కట్టిన ఒకరివద్దకు తీసికొనిపోయిరి.

పుత్తూరు మనకు పరాయి ఊరు కాదు. తిరుత్తణి దాటి, నగరి దాటినచో పుత్తూరే. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమున చేరినది. పుత్తూరు ఆంధ్రమున నిలిచినది. సరిహద్దు మారినది గాని ఎముక విరిగినవాడు నడచు దారి మారలేదు. అచ్చట రాజుల కుటుంబమువారు తరతరములుగా ఆకుమందు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ పట్టీలతో కట్టు కట్టుచున్నారు. తమిళ దేశపు నలుమూలలనుండి జనులు అచ్చటికి వత్తురు. ఎముక పక్కకు తొలగక కేవలము చిట్లినప్పుడు ఆ కట్టుతో బాగుపడినవారిని నేనును ఎరుగుదును. ఎక్స్‌రే పటము చూచిన పిమ్మటనే కట్టువారు నేడు కలరు. కాని ఆ ఊరి పేరును ఎవరుబడిన వారు బోర్డుమీద వ్రాసికొనుచున్నారు. పేరు పుత్తూరుది, చేయి ఎవరిదో మనకు తెలియదు. ఎక్స్‌రే లేకుండ మోచేతి విరుపునకు ఎవరు కట్టు కట్టినను నేను సమ్మతింపను. ఎముక ఎంత తొలగినదో పైనుండి వ్రేళ్ళతో తడిమి తెలిసికొనుట ఆ చోట సాధ్యము కాదు. రాంట్‌జెన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1895లో ఆ కిరణమును కనుగొనినది మొదలు మనకు ఆ అవసరము తీరినది.

ఇక ఆ రాత్రి సంగతి. బద్దలు పెట్టి గట్టిగా బిగించి కట్టిరి. సాయంకాలము పిల్లవాడు కొంత నెమ్మదిగానే ఉన్నాడు. రాత్రి పది దాటిన పిమ్మట ఏడ్పు ఆరంభించినాడు. కట్టిన మొదటి రాత్రి ఏడ్పు మామూలే, కట్టు పట్టుచున్నదని గుర్తు, అని అవ్వ అన్నది. ఆ మాట ఆమె తన తల్లివద్ద విన్నది. ఆమెను నేను నిందింపను. కాని తల్లికి నిద్ర పట్టలేదు. ఆమె మగ్గమువద్ద పనిచేయు మనిషి. కండెకు నూలు చుట్టునప్పుడు పోగు వ్రేలికి బిగిసి వ్రేలికొన తెల్లబారి, పిదప నీలమగుట ఆమె చిన్ననాటినుండి చూచినదే. తెల్లవారుజామున దీపము వేసి బిడ్డ వ్రేళ్ళను చూచినది. అవి ఉబ్బియున్నవి, రెండవ చేతి వ్రేళ్ళకంటె చల్లగా ఉన్నవి. గోరు నొక్కి విడిచినచో ఎరుపు వెంటనే తిరిగి రాలేదు. వ్రేళ్ళను కొంచెము చాపబోయినంతనే బిడ్డ కెవ్వుమన్నాడు. ఆమె ఎవరిని లేపలేదు, ఎవరి అనుమతి అడుగలేదు. కత్తెర తెచ్చి కట్టును ఒక కొననుండి రెండవ కొనదాక నిలువునా కత్తిరించి విప్పినది. ఆపైన 108కి ఫోను చేసినది.

ఆసుపత్రిలో ఆ ఉదయమే మత్తుమందిచ్చి ఎముకను సరిచేసి రెండు సన్నని తీగలు గ్రుచ్చిరి. నాలుగు వారములకు తీగలు తీసిరి. మరి కొన్ని గంటలు ఆలస్యమైయుండినచో ఎముక అతికెడిది గాని చేయి పనికివచ్చెడిది కాదని డాక్టరుగారు ఆ తండ్రితో చెప్పినారట. ఎముక అతికియు చేయి పనికిరాకపోవుట ఎట్లు అని మీరు అడుగవచ్చును. దీనిని మాత్రము కొంచెము ఓపికతో వినవలెను.

మోచేతి ముందు భాగమున, విరుపు పడు చోటనే, ముంజేతికి రక్తము తీసికొనిపోవు పెద్ద నాళము పోవుచున్నది. నరములును అచ్చటనే ఉన్నవి. ఎముక విరిగిన పిమ్మట వాపు ఒకటి రెండు దినములవరకు పెరుగుచునే ఉండును. సాయంకాలము సరిపోయిన కట్టు, ఎవరును బిగింపకయే, అర్ధరాత్రికి బిగుతైపోవును. లోపలి ఒత్తిడిచేత ముంజేతి కండలకు రక్తము అందదు. రక్తమందని కండ సుమారు ఆరు గంటలలో చచ్చుట కారంభించును. చచ్చిన కండ తరువాత నెలలలో కుంచించుకొనిపోయి వ్రేళ్ళను లోపలికి లాగివేయును; ఆ చేయి ఇక జీవితాంతము కోడికాలివలె ముడుచుకొని ఉండును. బిగి కట్టువలన రక్తము ఆగుటయే దీనికి హేతువని ఫోల్క్‌మన్ అను జర్మను శస్త్రవైద్యుడు 1881లోనే వ్రాసి ప్రకటించినాడు. ఇది నాటు కట్టుకు మాత్రమే వచ్చు కీడని తలపకుడు. ఆసుపత్రిలో వేయు పిండికట్టు, ఇచట మనము మావుకట్టు అనుచున్నది, దానితోను రావచ్చును. పెద్ద ఆసుపత్రిలో వేసిరి గదా యని నిశ్చింతగా నిద్రపోరాదు.

మన పూర్వులకు ఇది తెలియనిది కాదు. సుశ్రుత సంహితలో చికిత్సాస్థానమున మూడవ అధ్యాయము విరిగిన ఎముకల చికిత్సకే కేటాయింపబడినది. కట్టు వదులైనచో కీలు నిలువదనియు, మరీ బిగువైనచో చర్మము మొదలగువాటికి వాపును నొప్పియు చీమును కలుగుననియు అందు స్పష్టముగ చెప్పబడినది. చలికాలమున ఏడు దినములకొకసారి, సాధారణ కాలమున అయిదు దినములకు, వేసవిలో మూడు దినములకు కట్టు విప్పి కట్టవలెనని కూడ నియమము కలదు. నాటువైద్యము పేర కట్టు కట్టి ఇరువది దినములు ముట్టరాదని చెప్పువారు ఏ శాస్త్రము చదివిరో!

కావున ఏ కట్టు వేసినను మొదటి రెండు మూడు రాత్రులు ఇంటివారిలో ఒకరు మేలుకొని ఉండవలెను. గంట రెండు గంటలకొకసారి వ్రేళ్ళను చూడవలెను. రంగు ఎట్లున్నది, వెచ్చదనము రెండవ చేతితో సమానముగ ఉన్నదా, గోరు నొక్కి విడువగా రెండు సెకన్లలో ఎరుపు తిరిగి వచ్చుచున్నదా, బిడ్డ తనంతట తాను వ్రేళ్ళను ఆడింపగలుగుచున్నాడా అని చూడవలెను. అన్నిటికంటె ముందు తెలియు గుర్తు నొప్పి. కట్టిన పిమ్మట నొప్పి గంటగంటకు తగ్గవలెను. మందు ఇచ్చినను పెరుగుచున్నచో, వ్రేళ్ళను మెల్లగా చాపినప్పుడు ముంజేతిలో ప్రాణము పోవునంత బాధ కలిగినచో, తెల్లవారువరకు ఆగరాదు. గుడ్డ కట్టయినచో వెంటనే విప్పవలెను. పిండికట్టయినచో ఆ క్షణమే ఆసుపత్రికి పోయి చీల్పింపవలెను. నాడి ఆడుచున్నది గదా యని ధైర్యపడుటకును వీలులేదు. నాడి ఆడుచుండగనే లోపలి కండలు చెడవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. చేయిని దిండ్లమీద గుండెకంటె ఎత్తుగా ఉంచినచో వాపు తగ్గును.

ఇచట మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. ఇంటిలో తెలుగు, బడిలో తెలుగు గల చిన్న పిల్లవాడు ఆసుపత్రి మంచముమీద "తిమ్మిరెక్కినది, వ్రేళ్ళు మొద్దుబారినవి" అనినచో, తమిళము మాత్రమే తెలిసిన నర్సమ్మకు అది నొప్పి అని మాత్రమే తోచును. ఆ రెండింటికి నడుమ ఒక చేతి బ్రతుకు ఉన్నది. మన తమిళ పంతులుగారు ఈ సంవత్సరమునుండి మూడవ తరగతి మొదలు పిల్లలకు "మరత్తుప్పోచ్చు", "ఇఱుక్కమా ఇరుక్కు" వంటి మాటలు నేర్పుచున్నారు. తెలుగు చదువుకై కోర్టుల మెట్లెక్కిన మనము, బిడ్డకు బాధ చెప్పుకొనుటకు తమిళము నేర్పుట వింతగా కొందరికి తోచవచ్చును. నాకు తోచదు. తల్లిగాని తండ్రిగాని రాత్రి ప్రక్కన ఉండుట అంతకంటెను మేలు.

ప్రమాదము జరిగిన మొదటి గంటను గురించి కొలదిగా చెప్పెదను. లాగరాదు, మర్దింపరాదు, నిమురరాదు. గాజులు, ఉంగరము, నల్లదారము, కొండకు మ్రొక్కి కట్టుకొనిన కంకణము వాపు రాకముందే తీసివేయవలెను. స్వామి కోపింపడు, వాపులో ఇరుకుకొనిన దారము మాత్రము వ్రేలిని కోయును. ఎముక చర్మమును చీల్చి బయటకు వచ్చినచో లోపలికి త్రోయక శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. ఏడ్చు బిడ్డకు పాలు, బిస్కత్తులు, సోడా పెట్టుట మన వీధులలో మొదట జరుగు పని. అది చేయకుడు. మత్తుమందు ఇయ్యవలసివచ్చినచో కడుపులో ఉన్న ఆహారము తగ్గువరకు గంటలకొలది వేచియుండవలసివచ్చును.

పిల్లల ఎముక పెద్దల ఎముకవంటిది కాదు. ఎండుపుల్ల ఫెళుక్కున రెండగును. పచ్చికొమ్మను వంచినచో ఒక ప్రక్క చీలి, రెండవ ప్రక్క వంగియుండును. పిల్లల ముంజేతి ఎముక అనేక పర్యాయములు ఆ పచ్చికొమ్మవలెనే విరుగును. అట్టిదానికి వాపు తక్కువ, ఏడ్పు తక్కువ, బెణికినదని విడిచిపెట్టుదురు. రెండు దినములైనను ఆ చేతితో పలక ఎత్తనొల్లని బిడ్డకు ఎక్స్‌రే తీయింపవలెను. ఎముకపై నుండు పొర పిల్లలలో మందముగ ఉండుటవలన త్వరగా అతుకును. పెద్దవారికి రెండు మూడు నెలలు పట్టునది చిన్నవారికి నాలుగు నుండి ఆరు వారములు. బాల్యమున నెల, నడివయస్సున దానికి రెట్టింపు, ముదిమిని మూడింతలు అని సుశ్రుతుడు చెప్పినదియు దీనికి దగ్గరగనే ఉన్నది.

అయితే బిడ్డ ఎదుగుచు వంకర తానే సరిపోవునని పెద్దలు చెప్పు మాట సగమే నిజము. మణికట్టు దగ్గర వంకర చిన్న వయస్సున చాలవరకు సరియగును. మోచేతి పైన వంకరగా అతికినది సరికాదు; చేయి లోపలికి వంగి ఉండిపోవును. ఎముక కొనలయందు ఎదుగుదల జరుగు మెత్తని పొర ఉండును. విరుపు దానిగుండ పోయినచో ఆ చేయి పొట్టిగనో వంకరగనో ఎదుగవచ్చును. అందుచేత కట్టు తీసిన పిమ్మట కూడ డాక్టరు రమ్మనిన దినమున పోవలెను. బస్సు ఖర్చుకు జంకి మానివేసినవారిని నేను చూచితిని.

కట్టు తీసిన దినమున చేయి సన్నబడి, మోచేయి బిగిసి, చర్మము పొలుసులుగా కనబడును. అది చూచి భయపడి నువ్వులనూనె కాచి మర్దన చేయించుట, బలవంతముగ వంచుట, నీళ్ళ బకెట్టు మోయించుట మన వాడుక. మోచేతికి ఇది మిక్కిలి హాని. నలిగిన కండలో ఎముకవంటి గట్టిదనము పెరిగి కీలు శాశ్వతముగ బిగిసికొనిపోవచ్చును. బిడ్డ తనంతట తాను అన్నము కలుపుకొనుచు, చొక్కా తొడుగుకొనుచు, బంతి విసరుచు కొలది నెలలలో వంపును తిరిగి సంపాదించును. కట్టు లోపల దురద పుట్టినదని చీపురుపుల్ల దూర్చుట కూడ కూడదు. లోపల గీసుకొని చీము పట్టును.

ఇక చెట్టు మాట. ఆట మాన్పించినచో ఎముక విరుగదనుట పైకి చూచుటకు న్యాయముగనే ఉన్నది. కాని ఎముక తనపై పడు బరువునుబట్టి తన లోపలి కట్టడమును మార్చుకొనునని యూలియస్ వోల్ఫ్ 1892లో గ్రంథము వ్రాసినాడు. పరుగెత్తి, దూకి, వ్రేలాడిన బిడ్డ ఎముక బలియును; గదిలో కూర్చుండబెట్టి ఫోను చేతికిచ్చిన బిడ్డ ఎముకకు ఆ యోగము లేదు. ఎముక బలము కూడబెట్టుకొనునది బాల్యము, యౌవనము. ఆ కాలము దాటిన పిమ్మట ఎంత తిన్నను ఆ పొదుపు జరుగదు. దీనికి తోడు ఎండ తగులవలెను, సున్నము గల ఆహారము తినవలెను. మన అవ్వలు పెట్టిన రాగిసంగటిలో, నూరు గ్రాముల రాగులకు 300 మిల్లీగ్రాములకు మించి సున్నపు ధాతువు కలదు. తెల్లగా మరపట్టిన బియ్యమున అందు పదవవంతు కూడ లేదు. సంగటి పేదల కూడని సిగ్గుపడి మానివేసిన మనము, దుకాణమున డబ్బా పొడి కొని పాలలో కలుపుచున్నాము.

ఆటల గంటకు బదులు లెక్కలు చెప్పింపుడని వ్రాసిన తండ్రికి నా మనవి ఒక్కటి. మన బడిలో తెలుగు, తమిళము, ఇంగ్లీషు అను మూడు భాషల బరువు మోయుచున్న బిడ్డ వీడు. పగలంతయు దేనిలో తప్పు పలుకుదునో అని బెదరుచుండును. చెడుగుడు కూతలో, బిళ్ళంగోడు లెక్కలో వానిని ఎవరును దిద్దరు. వాని తెలుగు స్వచ్ఛముగ వినవలెనని ఉన్నచో సాయంకాలము కానుగ చెట్టు క్రిందికి రండు.

చెట్టును కొట్టను. పైకొమ్మలు రెండు వేసవి సెలవులలోనే తీయించితిని; ఇపుడు మిగిలినవాటిలో ఏదియు నాలుగవ తరగతి పిల్లవాని తలకంటె ఎక్కువ ఎత్తున లేదు. చెట్టు క్రింద నేల త్రొక్కి త్రొక్కి రాయివలె గట్టిపడినది. ఆ పిల్లవాని చేయి విరుగుటకు కొమ్మ ఎత్తుకంటె ఆ నేలయే ఎక్కువ కారణమని నా అభిప్రాయము. దానిని త్రవ్వి అడుగు లోతున ఇసుక నింపవలెను. ఏడాదికి రెండుసార్లు దానిని గుల్లజేయుట పెద్ద తరగతుల పిల్లలకు ఒప్పగించెదను. అట్టలు, మెత్తని గుడ్డ పట్టీలు, త్రికోణపు గుడ్డలు గల పెట్టె నా గదిలో బీరువాపై ఉన్నది, తాళము వేయలేదు. ప్రతి విద్యార్థి ప్రవేశ పత్రమున, ప్రమాదమైనప్పుడు పిల్లవానిని ఏ ఆసుపత్రికి చేర్పవలెనో తల్లిదండ్రులే వ్రాసి సంతకము చేయుటకు ఒక గడి చేర్చితిమి. ఇంతవరకు సగము పత్రములే తిరిగి వచ్చినవి. తక్కినవారు నేడు పోవులోపల గుమాస్తాగారివద్ద పూర్తి చేయవలెను.

ఇసుక ట్రాక్టరు వచ్చు ఆదివారము ఉదయము ఏడు గంటలకు వచ్చును. గడ్డపారలు బడిలో నాలుగే ఉన్నవి. వీలున్నవారు గంపయో పారయో వెంట తెచ్చుకొన ప్రార్థన.